అయస్కాంతం అంటుకోని చోటు

మా ఫ్రిజ్ తలుపు మీద రెండు అయస్కాంతం బొమ్మలు ఉన్నాయి. ఒకటి వేంకటేశ్వరస్వామి, రెండోది ఎవరో ఊటీ వెళ్లి తెచ్చిన టీ కప్పు. కారు రేకు మీద పెట్టి చూడాలి, ఒకటి ఇవ్వమని అడిగితే మా ఆవిడ స్వామిని అరచేత్తో కప్పేసి, టీ కప్పును ఊడదీసి నా చేతిలో పెట్టింది. రంగు మీద గీత పడకుండా దానికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడిగి, ఎడమవైపు ముందు ఫెండరు, అంటే ముందు చక్రాన్ని కప్పే రేకు మీద పైనుంచి కిందకు జరుపుకుంటూ వచ్చాను. బానెట్ అంచు దగ్గర గట్టిగానే పట్టుకుంది. చక్రం మీది వంపు దగ్గరకు వచ్చేసరికి పట్టు సడలింది. ఇంకో బెత్తెడు కిందకు జరపగానే టీ కప్పు జారి నేల మీద పడింది.

అక్కడ రంగు కింద ఉన్నది ఇనుము కాదన్నమాట. సొట్టలు పూడ్చే పుట్టీ, అదీ బాగా మందంగా. ఆ కారుకు ఏనాడూ చిన్న దెబ్బయినా తగల్లేదని మా నాన్న చివరిదాకా అందరికీ చెప్పుకునేవారు.

కారు 2003 నాటి మారుతి 800, తెలుపు. నంబరు ఏపీ 03తో మొదలవుతుంది; తిరుపతి ఇంకా చిత్తూరు జిల్లాలో ఉన్న రోజుల బండి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ మొదట పదిహేనేళ్లకు ఇస్తారు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2018లో ఆ పని నాన్నే చేయించారు. 2023లో అది నా వంతుకు వచ్చింది. ఇంజను బాగానే ఉంది, పొగ పరీక్షతో ఇబ్బంది లేదు. ఎటొచ్చీ ఎడమ ఫెండరుతోనే తంటా. చక్రం మీద అరచెయ్యంత మేర రంగు పొక్కులు లేచింది. ఒక పొక్కు పగిలి, అందులోంచి కారిన తుప్పు నీటి చార తెల్లరంగు మీద టీ మరకలా కనబడుతోంది.

ఆ పొక్కులకు కారణం 2021 నవంబరు వాన అనుకుంటూ వచ్చాను. ఆ నెల 18న తిరుపతిలో ఎలా కురిసిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. తిరుమల మెట్లదారి ఏరులా పారింది, స్వర్ణముఖి ఒడ్డులు దాటింది. మా వీధిలో కారు తలుపుల కింది అంచు దాకా నీళ్లు చేరి మర్నాటి మధ్యాహ్నం దాకా కదల్లేదు. ఆ తర్వాత ఏడాదికి మొదటి పొక్కు కనబడింది. నేరమంతా వాన మీద వేసేశాను.

మొదట ఒక షెడ్డుకే తీసుకువెళ్లాను. అక్కడి కుర్రాడు పొక్కుల మీద గోటితో గీకి, "పైపైన రుద్ది, పుట్టీ పెట్టి, రంగు కొట్టేస్తాం సార్, రెండు రోజులు" అన్నాడు. అడిగిన డబ్బు ఎక్కువేమీ కాదు. ఆ "పైపైన" అన్న మాటే నాకు నచ్చలేదు. కొత్త ఫెండరు కొనుక్కోవచ్చు కదా అని ఇంట్లోవాళ్లే అడిగారు. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. బయట దొరికే రకాల్లో రేకు పలచన, బోల్టు రంధ్రాలు ఒకచోట కలిస్తే ఇంకోచోట కలవవు. ఉన్నది అసలుది. అదీకాక నేను జూనియర్ కాలేజీలో లెక్కల మాస్టారిని. మే నెలంతా సెలవులు, చేతిలో బోలెడు సమయం. రంగు కొట్టడం మనవల్ల కాదు. కానీ రంగుకు సిద్ధం చేసే పనంతా ఇంట్లోనే చేసుకోవచ్చనిపించింది.

ధైర్యం ఊరికే రాలేదు. మా పక్క వీధిలో ఒక భాయ్ ఉన్నారు. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా టింకరింగ్, అంటే బండ్ల సొట్టలు తీసే పని చేసి, మోకాళ్లు సహకరించక మానేశారు. టీ కప్పు సంగతి చెప్పగానే పెద్దగా నవ్వారు. "ఊడదీసి మేడ మీద పెట్టండి సార్, నేను వచ్చి చూస్తాను. మెట్లు మాత్రం రోజుకు ఒక్కసారే ఎక్కుతాను" అన్నారు.

ఫెండరు ఊడదీయడం రేకుకు సంబంధించిన పనిలా కనబడుతుంది గానీ అసలు పోరాటం బోల్టులతోనే. అన్నింటికీ పది నంబరు స్పానర్ చాలు. బానెట్ ఎత్తితే అంచు వెంబడి వరసగా కొన్ని కనబడతాయి. తలుపు తెరిస్తే సందులో ఒకటి, కింద గుమ్మం దగ్గర ఇంకోటి, బంపరు వదులు చేస్తే దాని వెనకాల మరోటి. పైవి సులువుగా వచ్చాయి. గుమ్మం దగ్గరిది ఏడాదిన్నర కిందటి వరద బురదను ఇంకా పట్టుకుని ఉంది. రాత్రంతా తుప్పు వదిలించే నూనె పోసి ఉంచినా, పొద్దున స్పానర్ తిప్పగానే తల తెగి చేతిలోకి వచ్చింది. మిగిలిన ముక్కను డ్రిల్లుతో తీయించడానికి ఒక పూట పోయింది. బోల్టులన్నీ ఒక ఐస్‌క్రీం డబ్బాలో వేసి, ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి పెట్టుకున్నాను. ఇండికేటర్ వైరు ఊడదీయకుండా ఫెండరు లాగబోయిన తప్పు కూడా నాదే. వైరు తెగలేదు, నా అదృష్టం.

మేడ మీద నీళ్ల ట్యాంకు నీడలో నవారు మంచం వేసి, దాని మీద ఫెండరును పడుకోబెట్టాను. మే నెల తిరుపతి ఎండలో రేకు తొమ్మిదింటికల్లా చెయ్యి పెట్టనివ్వదు. అందుకే పనంతా తెల్లవారుజామున అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర లోపే. శేషాచలం కొండ నల్లగా ఉన్నప్పుడు మొదలుపెడితే, రాళ్ల రంగులు విడివిడిగా తెలిసే వేళకు ఆపేసేవాణ్ణి.

మొదటి రోజు గరుకు కాగితం తీసుకోబోతుంటే భాయ్ ఆపారు. "ముందు స్నానం చేయించండి." నిజానికి ఈ వరస తప్పడం వల్లే ఎక్కువ రంగులు పాడవుతాయి. ఏళ్ల తరబడి కారుకు పట్టించిన పాలిష్‌లో మైనం ఉంటుంది, టైర్లకు రాసే మెరుపు ద్రవాల్లో సిలికాన్ ఉంటుంది. వాటిని తుడవకుండా రుద్దడం మొదలుపెడితే కాగితం చేసిన ప్రతి గీతలోకీ ఆ జిడ్డును మనమే కూరుతున్నట్టు. తర్వాత రంగు పడినప్పుడు అక్కడక్కడ రంగు ముడుచుకుని గుండ్రటి గుంటలు పడతాయి. పెయింటర్లు వాటిని ఫిష్ ఐ అంటారు. చూస్తే నిజంగానే చేప కన్నులా ఉంటుంది. సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగి, ఆరాక జిడ్డు తీసే ద్రవంతో తుడిచాను. దానికి రెండు గుడ్డలు కావాలి. ఒకటి తడిది, దాని వెనకే పొడిది. ద్రవం ఆరిపోయేదాకా ఆగితే జిడ్డు ఎక్కడిదక్కడే పేరుకుంటుంది. పెట్రోలుతో తుడిస్తే చాలదా అని మా అబ్బాయి అడిగాడు. చాలదు, పెట్రోలే తన జిడ్డు వదిలిపోతుంది.

అప్పుడు 80 నంబరు గరుకు పేపరుతో పొక్కుల మీద రుద్దడం మొదలుపెట్టాను. కరోనా కాలంలో మిగిలిన ఎన్95 మాస్కులు ఈ పనికి అక్కరకొచ్చాయి. మూతికి రుమాలు కట్టుకుంటే ఈ దుమ్ము ఆగదు. పైన తెలుపు పోయింది, దాని కింద బూడిదరంగు ప్రైమరు (రంగుకు ముందు వేసే అడుగుపూత), దాని కింద పసుపుపచ్చటి పుట్టీ. రుద్దుతున్నకొద్దీ పుట్టీయే తప్ప రేకు రాదు. విసుగొచ్చి, పగులు ఉన్నచోట సన్నటి ఉలి మొన పెట్టి కాస్త లేపాను. తడిసిన గోడకు పెచ్చు లేచినట్టు అరచెయ్యంత ముక్క ఒక్కసారిగా ఊడి వచ్చింది. మా అబ్బాయి జామెట్రీ బాక్సులోని స్కేలుతో కొలిస్తే మధ్యలో ఏడు మిల్లీమీటర్లు ఉంది. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు.

అంతకంటే వింత దాని కింద ఉంది. రేకు కాదు, రంగు. నిగనిగలాడే తెలుపు. 2003లో షోరూం నుంచి వచ్చిన నాటి తెలుపు, పుట్టీ కింద ఎండా వానా తగలకుండా అలాగే ఉంది. పైనున్న తెలుపు దాని పక్కన పెడితే పాతబడిన దంతంలా కనబడింది. నేను చేతిలోని పేపరు కింద పెట్టి కొంచెంసేపు చూస్తూ కూర్చున్నాను.

భాయ్ వచ్చి చూసి తల అడ్డంగా ఊపారు. "ఎవరో గాని సొట్ట తీయలేదు, రంగు గీకలేదు. నున్నటి రంగు మీదే పుట్టీ మెత్తేశారు. పుట్టీ దేన్ని పట్టుకుంటుంది సార్? గీతల్ని పట్టుకుంటుంది. ఇక్కడ ఒక్క గీత కూడా లేదు." ఆయన చెప్పిన దాంతో మిగతా కథ అర్థమైంది. పట్టు లేని పుట్టీ బండి అదురుకు అంచుల్లో పగిలింది. ఆ పగుళ్లలో చేరిన వాన నీరు బయటికి పోలేదు. సొట్ట మడత పడిన చోట కంపెనీ రంగు చిట్లి ఉంది, తుప్పు అక్కడ మొదలై చుట్టూ పాకింది. వరద వచ్చేనాటికే లోపల పని సగం అయిపోయింది.

ఆ పెచ్చును కిందకు తెచ్చి అమ్మకు చూపించాను. అమ్మ దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, ఏమీ ఎరగనట్టు పక్కన పెట్టింది. రెండు నిమిషాలాగి, "గేదెరా" అంది.

2006లో కాణిపాకం వెళ్లి వస్తుంటే చంద్రగిరి ఇంకా రాకముందే చీకట్లో గేదె అడ్డం వచ్చిందట. గేదె లేచి తన దారిన తాను పోయింది, ఫెండరు లోపలికి పోయింది. నాన్న కారును రెండు రోజులు 'సర్వీసింగ్'కు ఇచ్చానని మాకు చెప్పి బాగుచేయించారు. అమ్మ చేత ఒట్టు వేయించుకున్నారు. అబద్ధమాడితే వినాయకుడు ఊరుకోడని జనం ప్రమాణాలు చేసే క్షేత్రం నుంచి తిరిగి వస్తూ ఈ ఒట్టు! "మరి నువ్విప్పుడు చెప్పేశావే" అంటే, "ఆయన ఉన్నంతకాలం చెప్పనన్నాను, చెప్పలేదుగా" అంది.

మర్నాడు భాయ్ సంచీలో సుత్తి, డాలీ తెచ్చారు. డాలీ అంటే చేతిలో ఇమిడే నున్నటి ఇనుప దిమ్మ. గేదె కొట్టి పదిహేడేళ్లయిన సొట్ట అది. సొట్టను వెనకనుంచి సుత్తితో బాదితే సరిపోతుందని నేననుకున్నాను. అది తప్పు. మిల్లీమీటరు మందం కూడా లేని రేకును బాదితే సాగుతుంది. సాగిన రేకు మళ్లీ చదునవదు. వేలితో నొక్కితే టప్‌మని లోపలికి, వదిలితే టప్‌మని బయటికి, నూనె డబ్బా అడుగులా ఆడుతుంది. భాయ్ పల్లం కింద డాలీ ఆనించి పట్టుకుని, సుత్తితో పల్లాన్ని కాక దాని చుట్టూ ఉబ్బిన గట్టును చిన్నచిన్నగా తట్టారు. గట్టు దిగుతుంటే పల్లం దానంతటదే లేచింది. దెబ్బ చప్పుడు వినమన్నారు. డాలీ సరిగ్గా కింద ఉంటే గణగణమంటుంది, పక్కకు జరిగితే బొదబొదమంటుంది. ఒక గంట తట్టాక ఏడు మిల్లీమీటర్ల సొట్టలో మిగిలింది ఒకటిన్నర. "ఇది పుట్టీ పని" అని సుత్తి సంచీలో వేసుకున్నారు. డబ్బు ఇవ్వబోతే కోపం వచ్చింది ఆయనకు. బంగినపల్లి మామిడి పళ్లు ఇస్తే తీసుకున్నారు.

తుప్పు దగ్గర నాలుగు రోజులు పట్టింది. డ్రిల్లుకు తీగల బ్రష్షు తగిలించి రుద్దితే పైతుప్పు పోయింది గానీ గుంటల్లోని నలుపు పోలేదు. చక్రం అంచు దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే ఒకచోట మొన అవతలికి వెళ్లిపోయింది. చిల్లును పుట్టీతో పూడ్చేవాళ్లు ఉన్నారు. కొన్ని నెలలు ఆగుతుంది కూడా. కానీ చక్రం విసిరే నీళ్లు వెనకనుంచి కొడుతూనే ఉంటాయి, ముందు ఎంత రంగు వేసినా. స్కూటర్ మీద వెల్డింగ్ షాపుకు పట్టుకుపోయి, రూపాయి బిళ్లంత రేకు ముక్క అతికించి గ్రైండింగ్ చేయించాను.

గుంటల్లోని తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రవం వాడాను. అది తుప్పుతో కలిసి ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుతుంది, ఎర్రగా ఉన్నది నల్లబడుతుంది. కూల్‌డ్రింక్‌తో తుప్పు పోతుందని మా అబ్బాయి ఎక్కడో చూశాడట. కోలాలోనూ ఉన్నది ఆ ఆమ్లమే, కాకపోతే చాలా తక్కువ. దానికి తోడు చక్కెర. ఒక మూల పోసి చూపించాను. సాయంత్రానికి తుప్పు తుప్పుగానే ఉంది, చీమలు మాత్రం వచ్చాయి. ఆమ్లం పని అయ్యాక నీళ్లతో బాగా కడిగి, వెంటనే ఆరబెట్టి, మళ్లీ రేకు మెరిసేదాకా రుద్దాలి. దాని తడి మిగిలిపోతే పై పూతలు దేన్నీ పట్టనివ్వదు.

నేను చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే జరిగింది. మెరిసే రేకును చూసి ముచ్చటపడి, అరచెయ్యి ఆనించి నిమిరి, ప్రైమరు రేపు వేయొచ్చులే అని కిందకు దిగిపోయాను. రాత్రి నాలుగు చినుకులు పడ్డాయి. పైన టార్పాలిన్ కప్పే ఉంది, అయినా గాలిలో తేమ చాలు. పొద్దున చూస్తే నా అయిదు వేళ్లూ, అరచేతిలో గీతలతో సహా, గోధుమరంగులో రేకు మీద అచ్చుపడి ఉన్నాయి. చెమటలో ఉన్న ఉప్పు పని అది. గోడల మీద వేసే చేతి ముద్రల్లా ఉందని మా ఆవిడ నవ్వింది. మొత్తం మళ్లీ రుద్దాను. ఆ రోజు నుంచి చేతికి తొడుగు లేకుండా రేకు ముట్టలేదు. శుభ్రం చేసిన గంటలోపే, తేమను రేకు దాకా రానివ్వని ఎపాక్సీ ప్రైమరు కలిపి బ్రష్షుతో వేసేశాను, లోపలి వైపు కూడా. అది ఆరాక లోపలి వైపు తారు పూత పూశాను. బయటినుంచి ఎవరికీ కనబడదు గానీ, ఫెండరు ఎన్నాళ్లు బతకాలన్నది అక్కడే తేలుతుంది.

పాత రంగు అంచును మెట్టులా వదిలేయకూడదు. వదిలితే కొత్త రంగు కింద గీతలా కనబడుతూనే ఉంటుంది. 80తో మొదలుపెట్టి, ఇంకా నున్నటి 180, 320 నంబర్లతో అంచును పలచబరుచుకుంటూ పోతే చివరికి పొరలన్నీ వలయాలుగా విచ్చుకుంటాయి. ప్రైమరు చుట్టూ రేకు, రేకు చుట్టూ కంపెనీ వాళ్ల పూత, దాని చుట్టూ 2003 తెలుపు, ఆపైన 2006 బూడిదరంగు, చివరికి 2006 తెలుపు. చెట్టు కోసినచోట వయసు లెక్కపెట్టుకున్నట్టు కారు వయసు లెక్కపెట్టుకోవచ్చు. వేలు అడ్డంగా జరిపితే ఒక పొర నుంచి ఇంకో పొరకు ఎక్కినట్టు తెలియకూడదు. వలయాలు ఎంత వెడల్పుగా ఉంటే అంత మంచిది.

ఇక పుట్టీ. రెండు భాగాలుగా వస్తుంది. డబ్బాలో ముద్ద, గొట్టంలో దాన్ని గట్టిపరిచే ఎర్రటి హార్డెనర్. బరువులో నూటికి రెండు పాళ్లు హార్డెనర్ కలపాలి. తూకం వేసుకోలేం కనుక భాయ్ లెక్క: నిమ్మకాయంత పుట్టీకి శనగగింజంత. లెక్కల మాస్టారిని కదా, త్వరగా గట్టిపడితే మంచిదేనని శనగగింజను చిక్కుడుగింజ చేశాను. ఏడు గంటల ఎండ అప్పుడే మేడ మీదకు వచ్చింది. కలిపి, మొదటి పట్టీ లాగి, రెండోది లాగేలోపే బద్ద మీది ముద్ద పలుకులు పలుకులుగా విరిగిపోయింది. మూడు నిమిషాలు కూడా కాలేదు. హార్డెనర్ ఎక్కువైతే ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆ ఎరుపు తర్వాత రంగులోంచి పైకి ఊరి మరకలా కనబడుతుంది. అంతా గీకేసి మర్నాడు మళ్లీ కూర్చున్నాను.

కలపడంలోనూ ఒక పద్ధతి ఉంది. పిండిలా గిరగిరా తిప్పకూడదు, గాలి బుడగలు చేరి తర్వాత సూది రంధ్రాలవుతాయి. చదునైన బద్ద మీద వేసి, చేతిలో పట్టే పలచటి రేకు ముక్కతో నొక్కుతూ, మడుస్తూ, మళ్లీ నొక్కుతూ కలపాలి. ఎక్కడా ఎర్ర చార మిగలకుండా అంతా ఒకే గులాబీరంగుకు వచ్చిందంటే కలిసినట్టు. మొదటి పట్టీని గట్టిగా నొక్కి లాగితే గీతల్లోకి దిగుతుంది. ఆపైన పలచగా రెండుసార్లు. గోటితో గీస్తే తెల్లటి గీత పడ్డప్పుడు రుద్దడానికి సిద్ధం.

పుట్టీని పొడిగా రుద్దాలా, తడిగానా అన్న దగ్గర భాయ్‌కీ నాకూ మాట తేడా వచ్చింది. "ముప్ఫై ఏళ్లు నీళ్లతోనే రుద్దాను" అన్నారాయన. ఈ రకం పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది, పీల్చిన నీరు కింద రేకుకు చేరుతుంది, ఆరిందనుకున్నా లోపల ఉంటుంది. డబ్బా మీద కూడా పొడిగానే రుద్దమని ఉంది. డబ్బా ఆయనకు చూపించాను. కళ్లజోడు తెచ్చుకోలేదన్నారు. మర్నాడు వచ్చినప్పుడు నేను పొడిగా రుద్దుతుంటే ఏమీ అనలేదు, దుమ్ము పడని వైపు వెళ్లి కూర్చున్నారు.

ఉత్త వేళ్లతో రుద్దితే వేలికి వేలికి మధ్య చాళ్లు పడతాయి. చదునుగా ఉన్నచోట చెక్క దిమ్మకు పేపరు చుట్టాను. చక్రం వంపు దగ్గర చెక్క ఆనదు. దానికి పాత హవాయి చెప్పు అడుగును చాక్‌పీసు డబ్బాంత ముక్కగా కోసి ఇచ్చారు భాయ్. వంపుకు తగ్గట్టు వంగుతుంది, వేళ్ల గుర్తులు పడనివ్వదు. షాపులో రబ్బరు దిమ్మలు అమ్ముతారు, నేను కొన్నాను కూడా. చెప్పు ముక్కే బాగుంది. ఒకే వైపు కాకుండా ఏటవాలుగా ఇటొకసారి అటొకసారి, గుణకారం గుర్తులా రుద్దాలి.

నా కంటికి అంతా సమంగా కనబడ్డాక అమ్మ మేడ ఎక్కింది. కంట్లో శుక్లాల ఆపరేషన్ తర్వాత కూడా అమ్మకు దగ్గరి చూపు అంతంతే. ఫెండరు దగ్గర కూర్చుని, చెయ్యి చాపి, అరచెయ్యంతా ఆనించి మెల్లగా అటునుంచి ఇటు జరిపింది. నలభై ఏళ్లు అప్పడాలు ఒత్తిన చెయ్యి. ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ అక్కడే ఆగింది. "ఇక్కడ పల్లంగా ఉందిరా." నేను వంగి చూశాను, ఏమీ కనబడలేదు. నల్లరంగు స్ప్రే డబ్బాతో దూరంనుంచి పొగలా పలచగా చల్లి, దిమ్మతో నాలుగుసార్లు రుద్దాను. చుట్టూ నలుపు పోయింది, అమ్మ చెయ్యి ఆగిన చోట చింతగింజంత నల్లమచ్చ మిగిలిపోయింది. పల్లంలోకి దిమ్మ దిగదు కనుక నలుపు మిగులుతుంది. పెయింటర్లు చేసే పరీక్ష ఇదే. అమ్మకు ఆ స్ప్రే అవసరం పడలేదు. కాకపోతే అమ్మ అప్పుడే తలకు కొబ్బరినూనె రాసుకుని వచ్చింది. ఫెండరంతా మళ్లీ రెండు గుడ్డలతో తుడవాల్సి వచ్చింది.

పల్లం నింపి, సన్న రంధ్రాలకు ఎన్‌సీ పుట్టీ (హార్డెనర్ అక్కర్లేని మెత్తటి రకం) పూతగా వేసి, 320తో ముగించాను. ఆ తర్వాతి పూత సర్ఫేసర్, రంగుకు ముందు పైభాగాన్ని నున్నగా చేసేది. మంచిదైతే అదీ హార్డెనర్ కలిపేదే, స్ప్రే తుపాకీతో కొట్టేదే. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు ఎంత చేటంటే, ఎన్95 మాస్కు వాటి ముందు గుడ్డపేలికతో సమానం. కింద అమ్మా పిల్లవాడూ ఉండే ఇంట్లో ఆ పని పెట్టుకోను. ఫెండరుకు పాత దుప్పటి చుట్టి, ఆటోలో ఒక పెయింటర్ దగ్గరకు తీసుకువెళ్లి సర్ఫేసర్ కొట్టించి తెచ్చుకున్నాను. రెండు రోజులు ఆరనిచ్చి, మళ్లీ నల్ల పొగ చల్లి, 400 పేపరుతో, ఆపైన 600 వాటర్ పేపరుతో బకెట్ నీళ్లు పెట్టుకుని రుద్దాను. ఇప్పుడు నీళ్లకు అభ్యంతరం లేదు, పుట్టీ మీద మూత పడింది. అంచుల దగ్గర మాత్రం చెయ్యి తేలిక చేయాలి. నాలుగు రుద్దులు ఎక్కువైతే రేకు బయటపడుతుంది. నాకు ఒకచోట, కింద గుమ్మం వైపు మూల, గోటి మొనంత బయటపడింది. ఎవరూ చూడరులే అనుకున్నాను.

మా అబ్బాయి ఎర్రరంగు వేయిద్దామన్నాడు. రంగు మారిస్తే ఆర్‌సీలో కూడా మార్పించాలి, తిరగలేను అన్నాను. అసలు కారణం అది కాదు. ఊడివచ్చిన ఆ పాత పెచ్చుకు అడుగున కొంచెం 2003 తెలుపు అంటుకుని ఉంది. దాన్ని ఒక కవరులో వేసి దాచాను.

పదమూడో రోజు ఫెండరును మళ్లీ దుప్పట్లో చుట్టి ఆటో ఎక్కాను. కవరు తీసి చూపిస్తూ ఈ తెలుపు వస్తుందా అని పెయింటర్‌ను అడిగాను. వస్తుంది గానీ ఇరవై ఏళ్లు ఎండిన తలుపు పక్కన ఈ ఫెండరు ఒక్కటే కొత్తగా కొట్టొచ్చినట్టు కనబడుతుందన్నాడు. బండి మీద ఇప్పుడున్న తెలుపుకే కలపాలి, చిటికెడు పసుపు వేసి. సరేనన్నాను. కవరు మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

అతను దుప్పటి విప్పి, ఫెండరును స్టాండు మీద పెట్టి, జేబులోంచి పలచటి గుడ్డ తీసి అరచేతి కింద పరుచుకున్నాడు. పైనుంచి కిందకు జరుపుకుంటూ వచ్చాడు. చక్రం వంపు మీద, గేదె తగిలిన చోట, అమ్మ పల్లం పట్టుకున్న చోట, చెయ్యి ఆగకుండా దాటిపోయింది. నేను ఊపిరి వదిలేలోపు కింద గుమ్మం వైపు మూలకు చేరి, అక్కడ ఆగింది. నా వైపు చూశాడు.

"ఇక్కడ రేకు తేలింది సార్."

"తెలుసు" అన్నాను.

ఏమీ అనకుండా బ్రష్షు, ప్రైమరు డబ్బా అందుకున్నాడు. "సాయంత్రం అయిదు తర్వాత రండి."